ఊతపదం

విశాలాక్షి గొంతుతో అమలాపురానికి ఫోన్ వెళ్ళిన సమయానికి విశాలాక్షి కాకినాడలో, రామారావుపేటలో, తన వంటింట్లో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఫోన్లో మాట్లాడింది దొంగగొంతు. ఎవరో ఆవిడ మాటలు నాలుగు ముక్కలు సంపాదించి, యంత్రానికి తినిపించి, అచ్చు ఆవిడలాగే మాట్లాడించారు. అప్పటికే ఆ పనికి పెద్ద తెలివేమీ అక్కర్లేకుండా పోయింది. బ్యాంకుల వాళ్ళూ, గ్యాసు వాళ్ళూ, పెన్షను ఆఫీసు వాళ్ళూ కలిసి "మీ గొంతే మీ తాళం" అని ఊదరగొట్టి జనంచేత పాస్‌వర్డ్‌లు మానిపించిన రోజులవి. దొంగలకి అంతకంటే ఏం కావాలి?

దొంగగొంతు ఆ పొద్దున విశాలాక్షి ఖాతాలన్నీ వరసగా తెరిచింది. ఆ తర్వాత చుట్టాలమీద పడింది. ఆస్పత్రిలో ఉన్నానంది, ఏడ్చింది, మీ ఫోన్‌కొచ్చే అంకెలు కాస్త చెప్పమంది. మేనల్లుడు చెప్పేశాడు. తోడికోడలు చెప్పేసింది. అమలాపురంలో ఉండే చెల్లెలు సత్యవేణి మాత్రం మొత్తం విని, "ఎవర్రా నువ్వు?" అని ఫోన్ పెట్టేసింది.

విషయం బయటపడేసరికి ఇంట్లో గగ్గోలు. విశాలాక్షి కూతురు ఇందుమతి ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మనిషి. పిన్నికి ఫోన్ చేసి ఎలా కనిపెట్టావని అడిగింది. గొంతు అచ్చం అమ్మదేనట కదా, నేనైనా నమ్మేసేదాన్ని అంది.

"గొంతు మీ అమ్మదేనే. మాట మీ అమ్మది కాదు. రాజమండ్రి ఆస్పత్రిలో ఉన్నానని టకీమని చెప్పేసింది. మీ అమ్మ బుద్ధెరిగాక 'అదేంటదీ' అనకుండా ఒక్క ఊరి పేరైనా చెప్పిందా?"

ఇందుమతి నవ్వింది. తర్వాత ఆ మాట వదిలిపెట్టలేకపోయింది.

ఊతపదం లేని మనిషి మనలో ఎవరున్నారు గనక? ఇందుమతి వాళ్ళ నాన్నకి ఉన్నన్నాళ్ళూ "అన్నమాట". పాలవాడికి "అంటే గింటే". ఎదురింటి ప్లీడరు కామేశంగారికి "వాట్ ఐ సే ఈజ్". విశాలాక్షికి ఒకటి కాదు, మూడు. ఊరి పేరు గుర్తురాకపోతే "అదేంటదీ", కథ అడ్డం తిరిగితే "ఇంకేవుందీ", తనని తాను తిట్టుకోవాల్సొస్తే "నా మొహంలే". ఈ మూడూ తీసేస్తే ఆవిడ చెప్పే ఏ కబురైనా సగానికి సగం తగ్గిపోతుంది.

యంత్రం ఈ మాటల్ని పలకలేక కాదు. ఇందుమతి ఓ దొంగగొంతు తయారుచేసి దానికి "అదేంటదీ" నేర్పి మరీ చూసింది. అది కూరలో ఉప్పు చల్లినట్టు అన్ని వాక్యాల్లోనూ సమంగా చల్లింది. అప్పుడు తెలిసింది, కిటుకు పదంలో లేదు, పదం పడే చోటులో ఉంది. జ్ఞాపకంలో దేనికోసమో తడుముకుంటున్నప్పుడు నోరు ఖాళీగా ఉండలేక ఊతపదాన్ని పట్టుకుంటుంది. ఎవరి బుర్రలో సామాను సర్దుకున్న తీరు వాళ్ళది, కాబట్టి ఎవరు ఎక్కడ తడుముకుంటారో, ఎంతసేపు తడుముకుంటారో అదీ వాళ్ళ సొంతమే. మొన్న చూసొచ్చిన ఊరికి విశాలాక్షి ఇట్టే ఆగి కదులుతుంది. ఎప్పుడో చూసిన ఊరికి పప్పు పొంగిపోయేదాకా ఆగుతుంది. మనుషుల పేర్ల దగ్గర అసలు ఆగదు.

దీన్ని యంత్రానికి నేర్పాలంటే ఓ మనిషి మామూలు మాటలు, వండుకుంటూ తిట్టుకుంటూ నవ్వుకుంటూ మాట్లాడే మాటలు, బోలెడు కావాలి. అమ్మని అడిగితే, నా వాగుడు ఎవరిక్కావాలే, తీసుకో పో అంది. ఇందుమతి పాత ఫోనొకటి వంటింటి అరమీద, పోపుడబ్బా పక్కన పెట్టి వదిలేసింది. రెండ్రోజులు విశాలాక్షి దానికేసి చూసి సిగ్గుపడింది. మూడోరోజుకి మర్చిపోయింది. ఫోన్ మర్చిపోలేదు, రెండేళ్ళపాటు వింది.

అలా పుట్టింది "గడియ". గొంతుతాళాలు తీయించేసి మళ్ళీ పెట్టించుకున్న పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టుకునే పెట్టె అది. తెరవాలంటే అర నిమిషం ఏదో ఒకటి చెప్పాలి, పొద్దున్న ఏం వండారో, బజార్లో ఎవరు కనిపించారో. ఆ తడుములాటలోంచే తాళంచెవి అప్పటికప్పుడు తయారవుతుంది, పని కాగానే చెరిగిపోతుంది. విశాలాక్షి మాటలన్నీ నూరి తీసిన సారం ఓ ఫైలులో ఉంది. దానికి ఇందుమతి "గింజ" అని పేరు పెట్టింది. ఆ గింజ ఉంది కాబట్టే కొత్తమనిషెవరైనా కాసేపు మాట్లాడితే చాలు, గడియ వాళ్ళని పోల్చుకోగలదు.

మొదటి గడియ విశాలాక్షిదే. దొంగగొంతు వ్యవహారం తర్వాత ఆవిడ ఫోన్ ఎత్తడం మానేసింది. బజారునుంచి కూతురు చేసినా ఎత్తేది కాదు, ఇంటికొచ్చాక "ఇందాక చేసింది నువ్వేనా?" అని అడిగేది. పోస్టాఫీసు కౌంటర్లో ఇన్నేళ్ళు పనిచేసి ఊరందరి పనులూ చక్కబెట్టిన మనిషి గ్యాసు బుక్ చెయ్యడానికి కూతురి గదిగుమ్మంలో నిలబడేది. గడియ పెట్టాక ఆవిడే ఫోన్ చేతిలోకి తీసుకుని, "ఇవాళ అదేంటదీ, సర్పవరం వెళ్ళొచ్చానే..." అని దానికి కబుర్లు చెప్పడం, అది తలుపు తియ్యడం మొదలైంది. ఆవిడ మొహంలో కళ తిరిగొచ్చింది.

కింద వాటాలో కుట్టుమిషన్ పెట్టుకున్న రహీమున్నీసా ఇదంతా చూసి ముచ్చటపడింది. ఆవిడ కొడుకు గొంతుతోనూ దొంగఫోన్ వచ్చింది. నాకూ ఒకటి పెట్టిపెట్టమంటూనే ఆగింది.

"తప్పుగా అనుకోకండి విశాలాక్షిగారూ. తాళం చేసింది మీ అమ్మాయి గదండీ. మారుతాళంచెవి ఆ అమ్మాయి దగ్గర లేదని నాకెలా తెలుస్తుందండీ?"

ఇందుమతికి ముందు చురుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే ఆవిడన్నదాంట్లో తప్పేం కనిపించలేదు. కింద వాటా మనిషే అలా అంటే ఊరూపేరూ తెలియనివాళ్ళు ఎలా నమ్ముతారు? తాళం లోపల ఏముందో విప్పి అందరికీ చూపించాలి. అలా చూపించిన సరుకు మాత్రమే పెట్టే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దుకాణం ఒకటుంది. జీతంలేని పనివాళ్ళు ప్రపంచంలో ఏ మూలనుంచో కూర్చుని నడుపుతారు. ఇందుమతి దాన్ని అద్దాలకొట్టు అనేది. ప్రోగ్రాము రాత మొత్తం వాళ్ళకివ్వాలి. వాళ్ళు దాన్ని మొదట్నుంచీ కట్టి చూస్తారు. నువ్విచ్చినదీ వాళ్ళు కట్టినదీ ఆఖరి అంకెదాకా ఒకటే అయితేనే అరలో పెడతారు.

గడియని పరిశీలించే పని మార్టా అనే ఆవిడకి పడింది. పోర్చుగల్‌లో బళ్ళో లెక్కలు చెబుతుందట. మర్యాదస్తురాలే కానీ మహా పట్టుదల మనిషి. రాతంతా చదివి, బాగుందని మెచ్చుకుని, గింజ దగ్గర ఆగింది. ఇది దేంతో తయారైందో అది కూడా పెట్టండి, మేమూ నూరి చూడాలి, లేకపోతే ఈ ఫైలు తీసెయ్యండి అని రాసింది. గింజలో ఎవరైనా ఏదైనా దాచవచ్చు కదా అని కూడా రాసింది. రహీమున్నీసా అన్నదీ అదే, కాకపోతే మార్టా ఇంగ్లీషులో అంది.

గింజ లేకుండా గడియ లేదు. దేంతో తయారైందో పెట్టడమంటే అమ్మ మాటలన్నీ తీసుకెళ్ళి బజార్లో పెట్టడం. ఎవరి మాటలైనా రెండేళ్ళవి దొరికితే దొంగగొంతు వాళ్ళ తడుములాటని కూడా నేర్చేసుకుంటుంది. అంటే అందరికీ పనికొచ్చే గడియ, దాన్ని నేర్పిన మనిషికి పనికిరాకుండా పోతుంది. ఇందుమతి కుర్చీలోంచి లేచి వంటింటికేసి చూసింది. అమ్మ ఫోన్‌తో కబుర్లు చెబుతోంది, కరెంటు బిల్లు కడుతోంది.

వేరేవాళ్ళ మాటలతో కొత్త గింజ చేద్దామనుకుంది. ఇరుగుపొరుగుని పిలిచి, మీ మాటలు బయటపెడతామని ముందే చెప్పి, ఇష్టమైనవాళ్ళని హాల్లో కూర్చోబెట్టి మైకు పెట్టింది. అక్కడే బోల్తా పడింది. మైకు చూడగానే మనవాళ్ళకి ఏదో పూనుతుంది. పాలవాడు రేడియోలో వార్తలు చదివినట్టు చదివాడు. ప్లీడరుగారయితే గొంతు సవరించుకుని, "సభకు నమస్కారం. నేను ఈ పేటయందు చిరకాలముగా నివసించుచున్నాను" అన్నారు. గంట మాట్లాడినా ఒక్క "వాట్ ఐ సే ఈజ్" లేదు. అందరూ చెప్పులతోపాటు ఊతపదాల్ని కూడా గుమ్మం బయటే విడిచి వచ్చారు. టీలు తాగి వెళ్ళేటప్పుడు మెట్లమీద మాత్రం అన్నీ తిరిగి మొదలయ్యాయి. వాళ్ళకి తెలియకుండా మెట్లమీద ఫోన్ పెడితే పని అయిపోయేది. ఇందుమతి ఆ పని చెయ్యలేదు. దొంగగొంతు వాళ్ళు చేసిందీ అదే కదా.

ఇక దాచి లాభంలేదని అమ్మకి మొత్తం చెప్పింది. నీ మాటలు పెడితే నీకు గడియ ఉండదమ్మా, మళ్ళీ ప్రతిదానికీ నా దగ్గరకి రావాలి అంది. నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను, నాకేం బాధలేదు అని కూడా అంది. అది అబద్ధం, చాలా బాధ ఉంది.

విశాలాక్షి అంతా విని, "ముందు నన్ను విననీ. ఏం వాగానో చూసుకోకుండా ఊరిమీదకి ఎలా వదుల్తాను?" అంది.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు భోజనాలయ్యాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. మొదట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇందూ, ఆ రోజు పనసపొట్టు కూర గురించి నేనెంత గొడవ చేశానో విన్నావా అని పిలిచి చెప్పేది. తోడికోడలి గురించి అన్న మాటలు తీయించేసింది. మేనల్లుడి పెళ్ళి సంగతీ తీయించేసింది. చెల్లెలితో చెప్పుకున్న ఆడవాళ్ళ కబుర్లు తీయించేసింది. తీసినవి తీసేయగా మిగిలినవాటితో యంత్రం మళ్ళీ గింజ నూరింది. కాస్త తేడాగా ఉన్నా పనిచేసింది. రోజులు గడిచేకొద్దీ నవ్వులు తగ్గాయి. విన్నంతసేపూ విని, లేచి ముఖం కడుక్కుని వచ్చేది. అలిసిపోయి ఉంటుందనుకుంది ఇందుమతి.

మొత్తం వినడం అయ్యాక ఓ రోజు భోజనాల దగ్గర చెప్పింది. "పెట్టెయ్యవే. నా గొంతుతో జరగాల్సిన ముచ్చట జరిగిపోయింది. ఇంకోళ్ళ గొంతుతో జరక్కుండా ఉంటే చాలు. నా పనులకి నువ్వున్నావుగా."

ఇందుమతి వద్దని అనలేదు. అనాలని మాత్రం అనిపించింది. ఇన్నాళ్ళ కష్టం అరలోకి ఎక్కుతుందన్న సంతోషం కూడా ఉంది, ఎందుకు లేదనాలి? ఇవి మా అమ్మ మాటలని రాసి, అన్నీ పంపించింది. దాంతోపాటు ఒక నియమం కూడా రాసింది: ఈ మాటల మనిషి వస్తే గడియ వెయ్యకూడదు, మీకు ఇది రక్షణ కాదని చెప్పి తిప్పి పంపాలి. లేకపోతే అమ్మ తెలియక దాన్నే నమ్ముకుంటుంది. సొంత అమ్మని గుమ్మంలోంచి వెనక్కి పంపే ఆ నాలుగు వరసలూ రాసి, చెరిపి, మళ్ళీ రాసింది.

మార్టా తన యంత్రంమీద గింజ నూరింది. ఆఖరి అంకెదాకా కలిసింది. నాకు మీ భాష ఒక్క ముక్క రాదు, అయినా పరిశీలన పేరు చెప్పి ఈ నెలంతా ఆవిడ మాటలు పెట్టుకునే పనిచేసుకున్నాను, ఇల్లు నిండుగా ఉంది అని రాసింది. మర్నాడు గడియ అద్దాలకొట్టులో కనిపించింది.

రహీమున్నీసా అక్కణ్ణుంచే దింపుకుంది. "ఇప్పుడు మీ అమ్మాయిని నమ్మక్కర్లేదు గదండీ, హాయిగా ఉంది," అంది విశాలాక్షితో. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలొచ్చాయి. సిద్దిపేటనుంచి ఒకాయన మా వైపు ఊతపదాలకి ఇది తడబడుతోందని ఫిర్యాదు చేసి, తనే దిద్ది పంపాడు. ఒడియాకీ, తమిళానికీ వేరేవాళ్ళు గింజలు కట్టారు. ఆ గింజలకి ఎవరి ఇళ్ళలో ఎవరు మాట్లాడారో ఇందుమతికి తెలియదు.

ఈ హడావిడిలో ఇందుమతి ఒక సంగతి ఆలస్యంగా గమనించింది. ఇల్లు సద్దుమణిగింది. అమ్మ పలక్కపోవడం లేదు. అడిగినదానికి చెబుతోంది, అన్నానికి పిలుస్తోంది. అంతకుమించి లేదు. బజారునుంచి వస్తే కూరలు ఎక్కడ కొందో చెబుతుంది, అంతే. దారిలో ఎవరు ఎదురయ్యారో, వాళ్ళబ్బాయి ఎక్కడ చేరాడో, ఆ ఊరి పేరేంటో, ఆ గొడవలేవీ లేవు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే బానే ఉందిగా అంది. డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే ఆయనా బానే ఉందన్నాడు.

ఓ ఆదివారం విశాలాక్షి రహీమున్నీసా ఫోన్‌లో గడియ చూసొచ్చి, నాకూ ఒక్కసారి వేసి చూడవే అంది. నిన్ను రానివ్వదమ్మా, నేనే రాశాను కదా అని ఇందుమతి గుర్తుచేసింది. పోనీ ఏమంటుందో విందాం అందావిడ. ఇందుమతి ఫోన్ చేతికిచ్చింది.

"పొద్దున్న జగన్నాథపురం వెళ్ళాను. వంకాయలు కొన్నాను. దారిలో రాజ్యం కనిపించింది. వాళ్ళమ్మాయి నర్సీపట్నంలో ఉద్యోగంలో చేరిందట. వచ్చి వంకాయ కూర చేశాను." ఇంకాసేపు ఇలాగే చెప్పింది. ఎక్కడా ఆగలేదు.

ఫోన్ కాస్సేపు ఆలోచించి, కొత్త మనిషికి స్వాగతం, గడియ వెయ్యమంటారా అని అడిగింది.

ఇందుమతి ఏదో పొరపాటయిందనుకుంది. ఫోన్ తీసుకెళ్ళి కంప్యూటర్‌కి తగిలించి, అమ్మ ఇప్పుడు మాట్లాడినదాన్ని పాత మాటల పక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. పొరపాటేం లేదు. గొంతు ఒకటే. మనుషులు మాత్రం ఇద్దరని యంత్రం ఖాయంగా చెబుతోంది. దొంగగొంతు ఆ పాత మాటలన్నీ నేర్చుకుని వచ్చినా ఈ గడియ తియ్యడం దానివల్ల కాదు. అమ్మ నిశ్చింతగా వాడుకోవచ్చు.

వెనక్కి వచ్చి ఆ మాటే చెప్పింది. విశాలాక్షి మొహం చాటంతయింది. ఇంక గ్యాసుకీ కరెంటుకీ నీ ప్రాణం తియ్యక్కర్లేదు అంది. ఇందుమతి పక్కన కూర్చుంది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా మాట్లాడుతున్నావ్?"

"విన్నాక సిగ్గేసిందే," అంది విశాలాక్షి, మామూలుగానే. "నేనే వాగుతున్నాను, నువ్వు ఊ అంటున్నావ్. రెండేళ్ళూ అంతే. ఒక్క ఊరి పేరుకి అంతంతసేపు వేలాడుతుంటే పాపం పిల్ల పనెలా చేసుకుంటుందీ అనిపించింది. మాట అనే ముందు లోపలే వెతుక్కుంటున్నా. అలవాటైపోయింది."

"నాకేం విసుగనిపించలేదమ్మా."

"తెలుసులేవే. నువ్వేవన్నావని?"

ఆవిడ కొంగు దోపుకుని వెళ్ళి ఫోన్‌తో నాలుగు ముక్కలు చెప్పి, గ్యాసు బుక్ చేసుకుంది. ఇందుమతికి దుఃఖం పొంగుకొచ్చింది. అమ్మ ఎదురుగానే ఉంది, ఆరోగ్యంగా ఉంది, సంతోషంగా కూడా ఉంది. ఎవరిమీద కోప్పడాలో, ఎవర్ని ఏమని అడగాలో తెలియలేదు. మళ్ళీ పాతలాగా మాట్లాడమని అడిగితే మైకు ముందు ప్లీడరుగారిలా అవుతుంది. అది ఇందుమతికి తెలుసు.

ఆ నాలుగు వరసల నియమంతో ఇక పనిలేదు. ఇందుమతి దాన్ని తీసేసి మార్పుని అద్దాలకొట్టుకి పంపింది. అక్కడ ఏ చిన్నమార్పు చేసినా ఎందుకు చేశారో ఒక్క వాక్యంలో రాయాలి, అది అందరికీ కనిపిస్తూ శాశ్వతంగా ఉండిపోతుంది. చాలాసేపు ఆలోచించింది. అవసరం తీరిందని రాసి కొట్టేసింది. ఆ మనిషి మారిందని రాసి కొట్టేసింది. యంత్రం చెప్పిందీ, తనకి తెలిసిందీ కలిసేలా ఉండాలి, అబద్ధం ఉండకూడదు. చివరికి, గింజలో మాట్లాడిన మనిషి ఇప్పుడు లేదు, కాబట్టి ఈ నియమం తీసేస్తున్నాను అని రాసింది.

మార్టా జవాబు గంటలోపే వచ్చింది. మార్పు ఒప్పుకున్నానని రాసి, కింద ఇంకో రెండు వాక్యాలు రాసింది. మీ అమ్మగారు పోయారని తెలిసి చాలా బాధపడ్డాను. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో గుర్తుచేసుకోవడానికి ఆగే చోట నేనూ పని ఆపి ఎదురుచూసేదాన్ని, నాకు అర్థం కాకపోయినా.

వంటింట్లో విశాలాక్షి గ్యాసు ఏజెన్సీవాడికి అడ్రసు చెబుతోంది. రామారావుపేట, రెండో వీధి, మేడమీద వాటా. గడగడా చెప్పి ఫోన్ పెట్టేసింది.

అలా కాదని మార్టాకి రాయడానికి ఇందుమతి కాసేపు ప్రయత్నించింది. తర్వాత, మీ ఓదార్పుకి కృతజ్ఞతలు అని రాసి పంపేసింది.